నోరు మూసుకోవాల్సింది ఆటగాడొక్కడేనా?

అమెరికాలో ఆటల ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: ఆటను ఆటలా చూడాలి, అందులోకి రాజకీయాలు లాగకూడదు. సూపర్ బౌల్ రోజున డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో నలుగురు తెలుగువాళ్లు ఒక ఇంట్లో చేరి మ్యాచ్ చూస్తున్నా ఎవరో ఒకరు ఆ మాట అనకమానరు, మిగతావాళ్లు తల ఊపకమానరు. 2018 ఫిబ్రవరిలో ఫాక్స్ న్యూస్ వ్యాఖ్యాత లారా ఇంగ్రాహమ్ ఇదే మాటను మర్యాద తీసేసి చెప్పింది. అధ్యక్షుడు ట్రంప్‌ను విమర్శించిన బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్‌ను నోరు మూసుకుని బంతి ఆడించుకోమంది. ఆమె మాటతీరును చాలామంది తప్పుపట్టారు. కానీ మాటలోని సారాంశం మాత్రం సరైనదేనని నమ్మేవాళ్లు ఈనాటికీ కోకొల్లలు.

వాళ్లలో ఎక్కువమంది మంచి మనుషులే కాబట్టి, వాళ్ల వాదనను దాని పూర్తి బలంతోనే చెబుతాను. వారమంతా గొడ్డుచాకిరీ చేసిన మనిషి ఆదివారం మూడు గంటలు అన్నీ మరిచిపోవాలనుకుంటాడు. నల్లవాడూ తెల్లవాడూ, రిపబ్లికనూ డెమొక్రాటూ ఒకే రంగు జెర్సీ వేసుకుని పక్కపక్కన కూర్చునే చోటు ఆ దేశంలో ఇప్పుడు స్టేడియం ఒక్కటే. దాన్నీ చీల్చేస్తే ఇంకేం మిగులుతుంది? ఆటగాడికి కోట్లు ఇచ్చేది ఆడటానికి. అభిప్రాయాలుంటే ఆట అయ్యాక బయట చెప్పుకోవచ్చు. ఒకప్పుడు ఆట పవిత్రంగానే ఉండేది, 2016లో కాలిన్ కేపర్నిక్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు జాతీయ గీతం పాడుతుండగా మోకాలు నేలకాన్చి దాన్ని మైలపరిచాడు. ఇదీ వాదన.

ఇందులో ఆదివారం గురించి చెప్పింది నిజం. మిగతా చాలా భాగం అబద్ధం. అమెరికా మైదానంలోకి రాజకీయాలు తెచ్చింది ఆటగాళ్లు కానే కాదు. ప్రభుత్వం తెచ్చింది, సైన్యం తెచ్చింది, జట్ల యజమానులు తెచ్చారు, చట్టసభలు తెచ్చాయి. వాళ్లెవరినీ ఎవరూ ఎన్నడూ బయటికి పొమ్మనలేదు. ఈ నియమం ఆటగాడు నోరు విప్పినప్పుడే గుర్తుకొస్తుంది.

జాతీయ గీతంతోనే మొదలుపెడదాం. 1918 సెప్టెంబర్ 5, షికాగోలోని కమిస్కీ పార్కు. బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ మొదటి ఆట, షికాగో కబ్స్‌కూ బోస్టన్ రెడ్ సాక్స్‌కూ. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగి ఏడాదిన్నర కావస్తోంది. కుర్రాళ్లయితే యుద్ధానికి పనికొచ్చే పనైనా చెయ్యాలి, లేదా సైన్యంలోనైనా చేరాలన్న ప్రభుత్వ ఉత్తర్వు వల్ల సీజన్‌ను ఆ ఏడాది ముందే ముగించాల్సి వచ్చింది. తమ ఈడు పిల్లలు ఫ్రాన్స్ కందకాల్లో చస్తుంటే వీళ్లు జీతాలు తీసుకుని బంతాట ఆడుతున్నారన్న నింద ఆటగాళ్ల మీద ఉంది. ముందురోజే షికాగో ఫెడరల్ భవనంలో బాంబు పేలి నలుగురు పోయారు. స్టాండ్లు నిండలేదు, 20 వేల లోపు జనం. వచ్చినవాళ్లలోనూ ఉత్సాహం లేదు. బోస్టన్ తరఫున బేబ్ రూత్ బంతులు వేస్తున్నాడు, స్కోరు 1-0. ఏడో ఇన్నింగ్స్ విరామంలో జనం ఒళ్లు విరుచుకుంటుండగా బ్యాండువాళ్లు ‘స్టార్ స్పాంగిల్డ్ బ్యానర్’ అందుకున్నారు. నౌకాదళం నుంచి సెలవు మీద వచ్చి ఆడుతున్న రెడ్ సాక్స్ ఆటగాడు ఫ్రెడ్ థామస్ జెండా వైపు తిరిగి నిటారుగా నిలబడి సైనిక వందనం చేశాడు. మిగతా ఆటగాళ్లు టోపీలు తీశారు. జనం ఒక్కొక్కరే గొంతు కలిపారు. పాట ముగిసేసరికి ఆ రోజంతా వినబడని చప్పట్లు వినబడ్డాయి.

యజమానులు దాన్ని గమనించారు. తర్వాతి ఆటల్లోనూ బ్యాండుచేత అదే పాట వాయించారు. సిరీస్ బోస్టన్ చేరాక రెడ్ సాక్స్ యజమాని హ్యారీ ఫ్రేజీ దాన్ని ఆటకు ముందుకు జరిపి, గాయపడి తిరిగొచ్చిన సైనికులకు ఉచితంగా సీట్లిచ్చాడు. అప్పటికి అది జాతీయ గీతమే కాదు, కాంగ్రెస్ దాన్ని చట్టబద్ధం చేసింది 1931లో. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ప్రతి ఆటకూ ముందు పాడటం ఆనవాయితీ అయింది. 1945లో యుద్ధం ముగిశాక, ఈ ఆనవాయితీ మానకూడదని, ఆట మొదలుపెట్టడం ఎంత తప్పనిసరో ఇదీ అంతే కావాలని వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ కమిషనర్ ఎల్మర్ లేడెన్ పిలుపునిచ్చాడు.

ఇందులో ఎవరినీ తప్పుపట్టను. కొడుకులను యుద్ధానికి పంపిన జనం ఒకచోట చేరినప్పుడు గొంతు కలిపి పాడటం కంటే సహజమైనది లేదు. కానీ అది రాజకీయమే. సర్కారు చేస్తున్న యుద్ధానికి ప్రజల మద్దతు కూడగట్టే పని అది, ఆటగాళ్ల మీది నిందను తుడిచే పని కూడా. బంతి కొట్టడానికీ, పరుగు తీయడానికీ, గోల్ వేయడానికీ జాతీయ గీతంతో ఏ సంబంధమూ లేదు. సినిమాకో సంగీత కచేరీకో వెళ్లిన అమెరికన్‌ను ఎవరూ లేచి నిలబడమనరు. ఆట దగ్గర మాత్రం లేవాలి. ఆ కోరికను మైదానంలో పెట్టినవాళ్లు పెట్టి, దానికి ఒకడు వేరే జవాబిస్తే, రాజకీయం తెచ్చినవాడు జవాబిచ్చినవాడెలా అవుతాడు?

పైగా ఇదంతా తరతరాల స్వచ్ఛమైన ఆచారమేమీ కాదు. రాత్రిపూట ప్రధాన సమయంలో ప్రసారమయ్యే ఎన్ఎఫ్ఎల్ ఆటల్లో 2009 దాకా గీతం పాడే వేళకు ఆటగాళ్లు చాలాసార్లు లాకర్ రూమ్‌లోనే ఉండేవారు. వరసగా నిలబడి గుండెమీద చేయి వేసుకున్న ఆటగాళ్ల దృశ్యం మనకు అనాదిగా ఉన్నట్టు అనిపిస్తుంది గాని, దాని వయసు అంతే. మిగతా దేశభక్తి వేడుకల లోగుట్టూ ఒకటుంది. 2015 నవంబర్‌లో అరిజోనా సెనేటర్లు జాన్ మెకెయిన్, జెఫ్ ఫ్లేక్ ఒక నివేదిక విడుదల చేశారు. ఇద్దరూ రిపబ్లికన్లు. మెకెయిన్ వియత్నాంలో అయిదేళ్లకు పైగా యుద్ధఖైదీగా ఉన్నవాడు, సైన్యమంటే ఆయనకున్న గౌరవాన్ని శంకించేవాడెవడూ లేడు. జట్లతో రక్షణ శాఖ కుదుర్చుకున్న 122 ఒప్పందాలను వాళ్లు తిరగేస్తే 72 ఒప్పందాల్లో దేశభక్తి ప్రదర్శనకు డబ్బు చెల్లించినట్టు తేలింది. మొత్తం 68 లక్షల డాలర్లు. మైదానమంత జెండాను పరచడానికి, గీతాలాపనకు, సైన్యంలో చేరేవాళ్లచేత అక్కడే ప్రమాణం చేయించడానికి, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడిని కుటుంబం ముందు నిలబెట్టి ఆశ్చర్యపరచడానికి జట్లు పన్నుల సొమ్ము తీసుకున్నాయి. ఆ సైనికుడి కళ్లలో నీళ్లు నిజమైనవే. స్టాండ్లలో లేచి నిలబడ్డ 60 వేల మంది గుండె నిండటమూ నిజమే. అది జట్టు తన సంతోషం కొద్దీ చేసిన సన్మానమని వాళ్లంతా అనుకున్నారు. ఖర్చు రాసుకున్న చోట అది సైన్యంలోకి మనుషులను చేర్చుకునే ప్రచారం. నివేదిక బయటపడ్డాక ఎన్ఎఫ్ఎల్ తనే లెక్క చూసుకుని 7 లక్షల 20 వేల డాలర్లకు పైగా తిరిగి ఇచ్చేసింది. ఇచ్చేసినందుకు సంతోషమే. కానీ ఆ ఏళ్లన్నిటిలో ఆటలోకి రాజకీయాలు వద్దని ఏ టీవీ వ్యాఖ్యాతా గొంతు చించుకోలేదు.

ఇక చట్టాల సంగతి. ఈ లీగ్‌లు ఇంత పెద్దవి కావడం వెనక ఆటగాళ్ల ప్రతిభ ఎంతుందో వాషింగ్టన్ చలవ కూడా అంతే ఉంది. 1922లో సుప్రీంకోర్టు బేస్‌బాల్‌ను గుత్తాధిపత్య నిరోధక చట్టం పరిధికి బయట ఉంచింది. ఊరికో జట్టు రైలెక్కి రాష్ట్రాలు దాటి వెళ్లి టికెట్లు అమ్ముకుని ఆడుతున్నా అది రాష్ట్రాల మధ్య వాణిజ్యం కిందికి రాదని తీర్పు. 1961లో కెనెడీ సంతకం చేసిన చట్టం ఎన్ఎఫ్ఎల్ జట్లన్నీ కలిసికట్టుగా టీవీ హక్కులు అమ్ముకోవడానికి దారి తెరిచింది. అలా కుమ్మక్కై అమ్మడం నేరమని అంతకు కొద్దినెలల ముందే ఒక ఫెడరల్ కోర్టు చెప్పింది. ఈనాడు ఆ హక్కుల విలువ పదకొండేళ్లకు 10,000 కోట్ల డాలర్లు దాటింది. 1966లో ఎన్ఎఫ్ఎల్, దాని పోటీ లీగ్ ఏఎఫ్ఎల్ విలీనానికి మళ్లీ కాంగ్రెస్ అనుమతి కావాల్సి వచ్చింది. లూసియానాకు చెందిన ఇద్దరు పెద్దలు, సెనేటర్ రస్సెల్ లాంగ్, ప్రతినిధి హేల్ బాగ్స్, బిల్లు గట్టెక్కించారు. అది గట్టెక్కిన కొద్దిరోజులకే, నవంబర్ 1న, న్యూఆర్లీన్స్‌కు కొత్త జట్టు వచ్చింది. ఇది బహిరంగంగా జరిగిన బేరం, ఎవరూ దాచలేదు కూడా.

డాలస్ పక్కనే ఉన్న ఆర్లింగ్టన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అక్కడ వేలాది తెలుగు కుటుంబాలు రోజూ తిరిగే రోడ్ల పక్కనే ఈ కథంతా నడిచింది. 1989లో టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టును కొన్న బృందానికి బయటి ముఖం జార్జ్ డబ్ల్యూ. బుష్. కొత్త స్టేడియం కట్టివ్వకపోతే ఊరు విడిచి వెళ్లాల్సి వస్తుందని జట్టు సూచించింది. 1991 జనవరిలో ఆర్లింగ్టన్ ఓటర్లు డాలరుకు అర సెంటు చొప్పున అమ్మకపు పన్నుకు ఒప్పుకున్నారు. భూమి సేకరించడానికి నగరం ఒక ప్రత్యేక సంస్థ పెట్టింది. అమ్మనన్నవాళ్ల భూమిని ప్రభుత్వాధికారంతో తీసుకున్నారు. పరిహారం చాలదని ఒక కుటుంబం కోర్టుకెక్కి గెలిచింది కూడా. 1994లో స్టేడియం తెరుచుకుంది. అదే ఏడాది నవంబర్‌లో బుష్ గవర్నర్‌గా గెలిచాడు. ఆయన తండ్రి పేరు పక్కన పెడితే అప్పటికి ఆయనకు జనంలో ఉన్న గుర్తింపు రేంజర్స్ వల్ల వచ్చిందే. 1998లో జట్టును 25 కోట్ల డాలర్లకు అమ్మారు. ఆరు లక్షల చిల్లర పెట్టిన బుష్ వాటా దాదాపు కోటిన్నర. 2001లో ఆయన అధ్యక్షుడయ్యాడు. ఆ అక్టోబర్ 30న యాంకీ స్టేడియంలో బుల్లెట్‌ప్రూఫ్ చొక్కా తొడుక్కుని మొదటి బంతి విసిరి, సెప్టెంబర్ 11 దాడులతో గాయపడిన దేశానికి ధైర్యం చెప్పాడు. ఆ రాత్రి చాలామంది అమెరికన్లకు కళ్లు చెమర్చాయి, నేను వాళ్ల భావాన్ని చిన్నబుచ్చను. ఒక్కటే అడుగుతాను: స్టేడియం నుంచి అధికార పీఠానికీ, అధికార పీఠం నుంచి మళ్లీ స్టేడియానికీ ఒక మనిషి ఇంత సాఫీగా నడిచి వెళ్లగలిగినప్పుడు, ఆ రెంటి మధ్య గోడ ఉందని ఆటగాడికి మాత్రం ఎలా చెబుతాం?

ఆర్లింగ్టన్ అక్కడితో ఆగలేదు. 2004 నవంబర్‌లో డాలస్ కౌబాయ్స్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్టేడియానికి నగరం వాటాగా 32 కోట్ల 50 లక్షల డాలర్లకు ఓటర్లు ఒప్పుకున్నారు. మళ్లీ అర సెంటు అమ్మకపు పన్ను, హోటల్ గదుల మీద పన్ను, అద్దె కార్ల మీద పన్ను. 2016లో రేంజర్స్‌కు ఇంకో కొత్త స్టేడియం, ఈసారి 50 కోట్ల డాలర్ల దాకా. 1994లో కట్టింది అప్పటికి శిథిలమేమీ కాలేదు. టెక్సస్ ఎండలో పైకప్పు, ఏసీ లేవన్నదే ఫిర్యాదు. ఆ ఊళ్లో 500 డాలర్లు పెట్టి టీవీ కొంటే రెండున్నర డాలర్లు స్టేడియాల ఖాతాలోకి పోతాయి. కొన్నవాడు ఆట చూసేవాడా కాదా అని ఎవరూ అడగరు. అదే ఊరి ఓటర్లు బస్సుల కోసం పన్ను వేసుకుందామన్న ప్రతిపాదనను ఒకటికి రెండుసార్లు తోసిపుచ్చారు. దాదాపు నాలుగు లక్షల జనాభా ఉన్న నగరానికి మామూలు సిటీ బస్సుల వ్యవస్థ లేదు. 2026 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ (సాకర్)లో అన్ని స్టేడియాలకంటే ఎక్కువగా 9 మ్యాచ్‌లు కేటాయించింది ఈ ఊరికే. స్టేడియాల వల్ల ఊళ్లు బాగుపడతాయన్న మాటను ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా పరిశీలిస్తూనే ఉన్నారు. పెట్టిన ప్రజాధనానికి తగ్గ ఎదుగుదల రాదన్నది వాళ్లలో దాదాపు ఏకాభిప్రాయం. ఎందుకంటే ఊరి మనిషి స్టేడియంలో ఖర్చుపెట్టే డబ్బు అదే ఊళ్లో ఇంకో హోటల్లోనో సినిమాహాల్లోనో ఖర్చుపెట్టబోయిన డబ్బే. పన్నులు ఎవరి దగ్గర వసూలు చెయ్యాలి, దేనికి ఖర్చు పెట్టాలి అన్నది రాజకీయం కాకపోతే ఈ లోకంలో రాజకీయమంటూ ఏదీ లేదు.

ఇప్పుడు ఆటగాళ్ల దగ్గరికి వద్దాం. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో సైనిక భర్తీ కేంద్రంలో పేరు పిలిచినప్పుడు బాక్సర్ ముహమ్మద్ అలీ వియత్నాం యుద్ధానికి వెళ్లనంటూ అడుగు ముందుకు వెయ్యలేదు. గంటల్లోనే న్యూయార్క్ రాష్ట్ర అథ్లెటిక్ కమిషన్ ఆయన బాక్సింగ్ లైసెన్సును నిలిపేసింది. ఇంకా అభియోగం నమోదు కాలేదు, విచారణ జరగలేదు. కమిషన్ ప్రైవేటు క్లబ్బు కాదు, అది ప్రభుత్వ సంస్థ. మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. జూన్‌లో కోర్టు అయిదేళ్ల జైలు, 10 వేల డాలర్ల జరిమానా వేసింది. అప్పీలు నడుస్తుండటంతో జైలుకు పోలేదు గాని, 25 ఏళ్ల వయసు నుంచి మూడున్నరేళ్లు ఆయన బరిలోకి దిగలేకపోయాడు. హెవీవెయిట్ బాక్సరుకు మళ్లీ రాని ఏళ్లవి. 1970లో కేసు ఫెడరల్ కోర్టుకు వెళ్లినప్పుడు తేలిన సంగతి ఏమిటంటే, శిక్షపడ్డ నేరస్థులకు అదే కమిషన్ 200కు పైగా సందర్భాల్లో లైసెన్సులిచ్చింది. వాళ్లు బరిలోకి దిగితే ఆటకు మచ్చ రాలేదు. అలీ దిగితే వస్తుందట! 1971లో సుప్రీంకోర్టు 8-0తో ఆయన శిక్షను కొట్టేసింది. 2005లో అధ్యక్షుడు బుష్ ఆయన మెడలో దేశపు అత్యున్నత పౌర పతకం వేశాడు. పోయిన ఏళ్లను మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు.

1968 మెక్సికో ఒలింపిక్స్ వేదిక మీద నల్లజాతి అమెరికన్ పరుగువీరులు టామీ స్మిత్, జాన్ కార్లోస్ నల్ల గ్లవ్ తొడిగిన పిడికిళ్లు ఎత్తిన ఫోటో అందరికీ తెలుసు. వాళ్లు కాళ్లకు బూట్లు లేకుండా, నల్ల మేజోళ్లతో ఎక్కారన్నది చాలామంది గమనించరు. తమవాళ్ల పేదరికాన్ని చూపడానికి అలా ఎక్కారు. వాళ్లను పంపించేయాలని, లేకుంటే మొత్తం అమెరికా జట్టునే తీసేస్తానని పట్టుబట్టింది అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు ఏవరీ బ్రండేజ్. అమెరికనే. ఆయన వాదన కూడా అదే: ఆటలో రాజకీయాలకు చోటు లేదు. ఈయనే 1936లో అమెరికా ఒలింపిక్ కమిటీకి పెద్దగా ఉండి, హిట్లర్ బెర్లిన్‌లో జరిపిన ఒలింపిక్స్‌ను బహిష్కరించాలన్నవాళ్లతో పోరాడి తన జట్టును అక్కడికి తీసుకెళ్లాడు. బహిష్కరణకు మద్దతిచ్చిన అమెరికన్ సభ్యుడిని అంతర్జాతీయ కమిటీ వెళ్లగొట్టింది. ఖాళీ అయిన చోటులోకి వచ్చింది బ్రండేజే. నాజీ వందనం ఆయనకు అభ్యంతరకరం కాలేదు, 32 ఏళ్ల తర్వాత ఇద్దరు నల్ల కుర్రాళ్ల పిడికిలి అయింది.

కేపర్నిక్ విషయంలో ఎంత అబద్ధం పేరుకుపోయిందో చూస్తే బాధ కలుగుతుంది. 2016 ఆగస్టులో, పోలీసుల చేతుల్లో నల్లవాళ్లు చనిపోతున్నందుకు నిరసనగా, గీతం వేళ ఆయన మొదట బెంచీ మీద కూర్చున్నాడు. అది చూసి నొచ్చుకున్న మాజీ సైనికుడు నేట్ బోయర్ ఆయనకు బహిరంగ లేఖ రాశాడు. ఇద్దరూ కలిసి కూర్చుని మాట్లాడుకున్నారు. కూర్చోవడం కంటే మోకాలు నేలకాన్చడం మర్యాదగా ఉంటుందని, చనిపోయిన తోటి సైనికుడి సమాధి దగ్గర తాము అలాగే మోకరిల్లుతామని బోయర్ చెప్పాడు. సెప్టెంబర్ 1న కేపర్నిక్ అలాగే చేశాడు. సైన్యాన్ని అవమానించాడని దేశమంతా తిట్టిన ఆ భంగిమ ఒక సైనికుడు నేర్పినది. 2017 జనవరి 1 తర్వాత కేపర్నిక్ మళ్లీ ఒక్క ఎన్ఎఫ్ఎల్ మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ సెప్టెంబర్‌లో అలబామాలోని హంట్స్‌విల్ సభలో దేశాధ్యక్షుడు మోకరిల్లే ఆటగాళ్లను తల్లినెత్తి తిట్టి, వాళ్లను ఉద్యోగాల్లోంచి పీకేయాలని యజమానులకు చెప్పాడు. అక్టోబర్‌లో ఉపాధ్యక్షుడు పెన్స్ ఇండియానాపొలిస్ ఆటకు వచ్చి, కొందరు మోకరిల్లగానే లేచి వెళ్లిపోయాడు. అలా వెళ్లిపొమ్మని తానే చెప్పానని ట్రంప్ వెంటనే ప్రకటించుకున్నాడు. మైదానంలో ఒక మోకాలు రాజకీయమైతే, ప్రజల ఖర్చుతో వచ్చి, ముందే అనుకున్న ప్రకారం లేచిపోయిన ఉపాధ్యక్షుడి రాకపోకలు ఏమిటి?

2020లో అట్లాంటా డ్రీమ్ మహిళల బాస్కెట్‌బాల్ జట్టు సహయజమాని కెలీ లోఫ్లర్ అప్పటికి అమెరికా సెనేటర్ కూడా. ఆ పదవిలో ఉండే ఆమె లీగ్‌కు లేఖ రాసి, ఆటలోంచి రాజకీయాలను తీసెయ్యమని, నల్లవాళ్ల ప్రాణాలకు విలువుందన్న నినాదం వద్దని కోరింది. తన జట్టు ఆటగాళ్లే సమాధానమిచ్చారు. ఆమె మీద పోటీ చేస్తున్న రాఫేల్ వార్నాక్‌కు ఓటెయ్యమన్న టీషర్టులు వేసుకుని మైదానానికి వచ్చారు. అప్పటికి అంతగా ఎవరికీ పట్టని ఆ అభ్యర్థి 2021 జనవరిలో గెలిచాడు. జట్టును కొనుక్కోవచ్చు, సెనేటులో కూర్చోవచ్చు, అధికారిక లేఖలు రాయొచ్చు, అవేవీ ఆమె దృష్టిలో రాజకీయం కాదు. ఆ అమ్మాయిల చొక్కామీది అక్షరాలు మాత్రం రాజకీయం.

ఇక్కడ ప్రత్యర్థులు నల్లజాతి బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్ పేరు తెస్తారు. నోరెత్తకుండా, తన బ్యాటుతోనే జవాబిచ్చి జాతి గోడలను కూల్చిన ఆదర్శ ఆటగాడని చెబుతారు. నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించేది ఈ కథనమే. 1947 ఏప్రిల్ 15న రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మైదానంలోకి అడుగుపెట్టడానికి వెనక దశాబ్దకాలపు రాజకీయ పోరాటం ఉంది. నల్లవాళ్ల పత్రికల్లో వెండెల్ స్మిత్, శామ్ లేసీ ఏళ్ల తరబడి రాశారు. కమ్యూనిస్టుల పత్రిక డైలీ వర్కర్‌లో లెస్టర్ రాడ్నీ 1936 నుంచి అదే పనిగా ఉద్యమం నడిపాడు. ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధిస్తూ 1945లో న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసింది, అలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం అదే. బేస్‌బాల్‌లో వివక్ష మీద నగర మేయర్ లాగ్వార్డియా కమిటీ వేశాడు. డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రికీది ధైర్యమే, కాదనను. కానీ ఆయన ధైర్యం వెనక ఆ చట్టమూ ఉంది.

రాబిన్సన్ మౌనమైనా ఆయన స్వభావం కాదు. 1944లో టెక్సస్ సైనిక శిబిరంలో బస్సు వెనక సీట్లోకి వెళ్లనన్నందుకు కోర్టు మార్షల్ ఎదుర్కొని నిర్దోషిగా బయటపడ్డ లెఫ్టినెంట్ ఆయన. రికీ అడిగినందుకు మొదటి రెండు మూడేళ్లు తిట్లన్నీ దిగమింగాడు. గడువు తీరాక మళ్లీ ఎన్నడూ దిగమింగలేదు. మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి నడిచాడు, ఎన్నికల్లో ప్రచారం చేశాడు, పార్టీలను నిలదీశాడు. చనిపోయిన ఏడాది, 1972లో, వచ్చిన ఆత్మకథలో తాను జాతీయ గీతానికి లేచి నిలబడలేనని, జెండాకు వందనం చేయలేనని రాసుకున్నాడు. ఏటా ఏప్రిల్ 15న బేస్‌బాల్ ఆటగాళ్లందరూ ఆయన 42 నంబరు తొడుక్కుంటారు. ఆ పుస్తకంలోని ఆ మాట మాత్రం ఆ రోజు ఎవరూ తలవరు. 2025 మార్చిలో రక్షణ శాఖ తన వెబ్‌సైటు నుంచి ఆయన సైనిక సేవ గురించిన పేజీనే తొలగించింది. జనం మండిపడ్డాక తిరిగి పెట్టింది.

ఇంకో వాదన ఉంది, అది కొంత గట్టిది. వాక్‌స్వాతంత్ర్యపు హామీ ప్రభుత్వం నుంచి రక్షణ కోసం. ప్రైవేటు యజమాని తన ఉద్యోగిని పనివేళల్లో మాట్లాడొద్దనవచ్చు. కిరాణా కొట్టులో గుమాస్తాకు లేని హక్కు ఆటగాడికెందుకు? చట్టం అక్షరం వరకు ఇది సరే. అయితే ఏ కిరాణా కొట్టును ఊరి పన్నులతో కట్టిచ్చారు? ఏ కొట్టు యజమానికి పోటీదారులతో కుమ్మక్కయ్యే వెసులుబాటు కాంగ్రెస్ చట్టం చేసి ఇచ్చింది? ఏ గుమాస్తాను తీసెయ్యమని దేశాధ్యక్షుడు సభపెట్టి చెప్పాడు? లాభాలు లెక్కపెట్టుకునేటప్పుడు ప్రజల సంస్థ, నోళ్లు మూయించేటప్పుడు ప్రైవేటు సంస్థ కావడం కుదరదు. కేపర్నిక్‌ను జట్లన్నీ కలిసి దూరం పెట్టాయన్న ఫిర్యాదును 2019 ఫిబ్రవరిలో లీగ్ ఆయనతో ఒప్పందానికి వచ్చి ముగించుకుంది. ఆటగాళ్ల మాట ముందే వినకపోవడం తమ తప్పని 2020 జూన్‌లో కమిషనర్ రోజర్ గుడెల్ ఒప్పుకున్నాడు. ఆ తర్వాత కూడా కేపర్నిక్‌ను ఏ జట్టూ తీసుకోలేదు.

ఆదివారం విశ్రాంతి సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే అది నిజమైన అవసరం. అలసిన మనిషి ఆట చూసి సేదదీరాలి. అతని ముందు రాజకీయం లేని మూడు గంటలు పెట్టాలంటే మార్గం సులువు: గీతం, జెండా, యుద్ధ విమానాలు, సైనిక వేడుకలు, నాయకుల దర్శనాలు అన్నీ మాని, నేరుగా ఆట మొదలుపెట్టాలి. అప్పుడు మోకరిల్లడానికి సందర్భమే ఉండదు. ఇది నేను ఊహించి చెబుతున్న మార్గం కాదు, ఒకాయన చేసి చూశాడు. 2020-21 సీజన్‌లో డాలస్ మావెరిక్స్ బాస్కెట్‌బాల్ జట్టు యజమాని మార్క్ క్యూబన్ తమ సొంత మైదానంలో జాతీయ గీతం పాడించడం మానేశాడు. ప్రకటన చేయలేదు, కారణాలు చెప్పలేదు. కరోనా వల్ల ఆ ఆటల్లో చాలావాటికి ప్రేక్షకులు లేరు. పదికి పైగా ఆటలు గడిచిపోయినా ఎవరూ గమనించలేదు, ఎవరి ఆటా చెడలేదు. 2021 ఫిబ్రవరిలో విషయం పత్రికల్లోకి ఎక్కగానే ఆటలోకి రాజకీయాలు వద్దన్న గొంతులే అందరికంటే ముందు మండిపడ్డాయి. అన్ని జట్లూ గీతం పాడించి తీరాలని బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆదేశించింది. క్యూబన్ తలవంచాడు.

టెక్సస్ ప్రభుత్వానికి అదీ చాలలేదు. అదే ఏడాది శాసనసభ ఒక చట్టం చేసింది, గవర్నర్ గ్రెగ్ అబాట్ సంతకం పెట్టాడు. రాష్ట్రంతో గాని, నగరంతో గాని, కౌంటీతో గాని డబ్బు ముడిపడిన ఒప్పందం కుదుర్చుకునే ప్రతి వృత్తి క్రీడా జట్టూ ప్రతి ఆటకు ముందు జాతీయ గీతం పాడిస్తానని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. మాట తప్పితే తీసుకున్న ప్రజాధనం వెనక్కి కట్టాల్సి రావచ్చు, ఇకముందు రాకుండా పోవచ్చు. ఆర్లింగ్టన్‌లో టీవీ కొన్న తెలుగువాడి రెండున్నర డాలర్ల లాంటి ప్రజాధనానికి ఇప్పుడు ఆ షరతు ముడిపెట్టారు. మౌనంగా ఉండటాన్ని కూడా నేరం చేసిన ఈ చట్టం మీద, ఆటను ఆటలా చూడాలనే పెద్దమనుషులు తమ అభిప్రాయం చెప్పాలి. అది చెప్పేదాకా, ఒక ఆటగాడి మోకాలిని చూపించి మైదానం మైలపడిందనే హక్కు వాళ్లకు లేదు.